గుప్పెడు పప్పు ఉడికేదాకా

మొన్న, కాలేజీలో నాతో పనిచేసినవాళ్ళ బలవంతం మీద సముద్రం ఒడ్డున ఒక అద్దె ఇంట్లో మూడు రోజులుండి వచ్చాను. ఇల్లు బాగానే ఉంది. వంటింట్లో మాత్రం, గ్యాసు పొయ్యికి ఎదురుగా, వండేవాళ్ళ కళ్ళల్లో పొడుచుకునేలా ఒక కాగితం అంటించి ఉంది. చేపలు వేయించరాదు. గిన్నెలు మాడ్చరాదు. గోడల మీద నూనె చిందించరాదు. వెళ్ళే ముందు సమస్తమూ తోమి బోర్లించవలెను. అన్నీ చదివాక ఇల్లుగలాయన్ని పిలిచి నాలుగు దులుపుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం మావాళ్ళకి వింత. ఒంట్లో బాగాలేదా అని అడిగారు. అచ్చం అలాంటి కాగితం ఒకప్పుడు నేనూ రాసి అంటించానని వాళ్ళకేం తెలుసు.

నా కాగితాన్ని నా చేతే పీకించిన మనిషి గురించి ఇది. పేరు రాయను. ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్ళు అప్పటికే ఎవరూ మిగల్లేదు. మా వైపు అక్కని అప్ప అంటారు. ఊరందరికీ ఆవిడ అప్ప, నాకూ అప్పే. పోయి చాలా ఏళ్ళయిందని ఈమధ్యే ఎవరో మాటల్లో చెప్పారు. అదీ నేను అడిగితేనే.

అరవయ్యో దశకం చివరి మాట. శ్రీకాకుళంలో ప్లీడరీ చేసే మా పెదనాన్న కళింగపట్నంలో ఒక పెంకుటిల్లు కట్టించాడు. ముసలితనంలో అక్కడ కూర్చుని సముద్రాన్ని చూస్తాడట. మా పెద్దమ్మ ఒకసారి వచ్చి చూసి, తలకి ఇసక, ఇనప్పెట్టెకి తుప్పు తప్ప ఇక్కడేముందని అదే బండిలో వెనక్కి పోయింది. ఇంక చేసేదిలేక గాలిమార్పు కోసం వచ్చే కుటుంబాలకి వారానికో పదిహేను రోజులకో ఇస్తుండేవాడు. రాజాం నుంచి, పాతపట్నం నుంచి, విజయనగరం నుంచి వచ్చేవాళ్ళు. నేను బి.ఏ. పాసై, బి.ఇడి. సీటు కోసం ఎదురుచూస్తూ, ఇంట్లో అందరితో పోట్లాడుతూ ఉన్న రోజులవి. నా పోరు పడలేక నన్ను ఆ ఇంటి మీద అజమాయిషీకి పంపారు. పక్కనే రిటైరైన పోస్టుమాస్టరుగారింట్లో నా మకాం.

పంపేటప్పుడు పెదనాన్న ఒక్కటే చెప్పాడు: "మిగతా ఇల్లెలా ఉన్నా సర్దుకుంటారు. వంటింటి మీద మాత్రం మాట రాకూడదు. వస్తే ఆ ముసలమ్మని మానిపించి, ఇక్కణ్ణించి ఎవరినైనా పంపుతాను."

ఆ ముసలమ్మే అప్ప. పొట్టి మనిషి, చేతులు మాత్రం పొడుగు. రైతుల ఇంటి మనిషి. వంశధార ఇసక మేట వేసి వాళ్ళ పొలం సగం తినేసిందట. కొడుకూ కోడలూ మిగతా సగం చేసుకుంటుంటే, ఈవిడ మా వంటింటికి వచ్చేది.

వచ్చి ఏం చేసేదంటే, ముందు ఏమీ చేసేది కాదు. వంటింటి నట్టనడుమ చతికిలబడి కూర్చునేది. నేను మొదటిసారి చూసి, వయసు మీద పడింది పాపం, ఆయాసం తీర్చుకుంటోందనుకున్నాను.

"నిలబడి సూస్తే వంటిల్లు అవుపడదు, బొట్టీ," అంది. ఇరవై రెండేళ్ళొచ్చినా, పట్టా పుచ్చుకున్నా ఆవిడకి నేను బొట్టినే, అంటే చిన్నపిల్లనే. "వండీది కూకొని వండుతాది. మరి సూసీవోలు నిలబడి సూస్తే ఎలగ?"

కూర్చునే చెయ్యి చాపేది. ఉప్పు జాడీ అందిందా, చింతపండు కుండ అందిందా, ఊదుగొట్టం కుడి పక్కనుందా. అప్పుడు నన్నడిగేది: "వండీ మనిషి ఎవులు?"

నాకేం తెలుసు? వచ్చేవాళ్ళు కార్డు ముక్క రాసేవారు, అది నేను చదివి వినిపించేదాన్ని. మేము ఏడుగురం, ఫలానా రోజు వస్తాం, దోమతెరలు కావాలి, బస్సు దగ్గరికి బండి పంపండి. అంతే. ఆవిడ రెండుసార్లు చదివించుకుని మూతి ముడిచేది.

"తినీవోల్ల లెక్కే రాసినారు. వండీదాని గురించి ఒక్క ముక్కుందేటి అందల? పొట్టిదా, పొడుగుదా? ఎడం సెయ్యా, కుడి సెయ్యా? ఒంట్లో బాగున్నాదా?"

ఆడవాళ్ళ హక్కుల మీద కాలేజీలో నేను మూడు ఉపన్యాసాలిచ్చాను. రెండింటికి బహుమతులొచ్చాయి. కానీ ఉత్తరంలో వండే మనిషి లేదన్న సంగతి అక్షరం ముక్క రాని ఈవిడ చెబితే తప్ప నాకు కనిపించలేదు.

జవాబు దొరక్కపోతే ఆవిడే పోయి కనుక్కునేది. బండివాళ్ళని, బస్సు దిగినవాళ్ళని అడిగి ఎలాగో తెలుసుకునేది. పాతపట్నం నుంచి వస్తున్న కుటుంబంలో వండే కోడలికి ఏడో నెల అని తెలిసి, రెండు రోజులు ముందే వచ్చి పొయ్యి కింద ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి, నిలబడి వండుకునేంత ఎత్తు చేసింది. ఆ పిల్ల వంగబోయి, వంగక్కర్లేదని తెలిసి, కాసేపు పొయ్యి మీద చెయ్యి వేసి ఊరికే నిలబడింది. వాళ్ళు వెళ్ళాక అప్ప ఇటుకలన్నీ పీకేసి పొయ్యి మళ్ళీ నేలకి దించింది.

అన్నీ సర్దేశాక కత్తిపీట తీసుకెళ్ళి తలుపు వెనక్కి నెట్టేది. నేను తీసి గూటి దగ్గర పెట్టేదాన్ని. ఆవిడ మళ్ళీ తలుపు వెనక్కి. ఇలా మూడుసార్లయ్యాక నేను కయ్యానికి దిగాను. అడ్డంగా ఉంటే కాలు తెగదా అన్నాను.

"మూల కదా, తెగదు. ఒక్కటి తప్పుగా ఒదిలీయాల. వచ్చినావిడ దాన్ని సూసి, 'ఇదెవులో బుర్రనేనిది, కత్తిపీట ఇక్కడెట్టింది' అని నన్ను తిట్టుకుంటాది. తిట్టుకుని, తీసి తనకి కావలసిన కాడ ఎట్టుకుంటాది. ఆడితో వంటిల్లు ఆవిడిదైపోయినట్టే. అన్నీ నువ్వే సర్దేస్తే మరావిడ ఎవులింట్లో వండుతన్నట్టు?"

కాగితం సంగతీ ఇలాగే అయింది. నేను గుండ్రటి అక్షరాలతో పన్నెండు నియమాలు రాసి పొయ్యి పైన అంటించాను. అప్ప చదివించుకుంది. చివరిదాకా ఓపిగ్గా వింది.

"ఇంటికొచ్చినోలని గోడ సేత తిట్టిస్తావేటి," అంది. "తిట్టాలంటే నువ్వున్నావు కదా."

కాగితం పీకేశాను.

ఇంతకీ ఆవిడ అసలు పని వేరే ఉంది. ఆ ఇంటి పెరటి బావిలో నీళ్ళు ఉప్పన. స్నానాలకి సరే, కందిపప్పు మాత్రం ఉడకదు. పొద్దున్న పెడితే సాయంత్రానికీ బద్ద బద్దలాగే ఉంటుంది. మంచినీళ్ళు కావాలంటే ఏటి ఇసకలో చెలమ తవ్వుకోవాలి. అప్ప పొద్దున్నే వెళ్ళి రెండు బిందెలు మోసుకొచ్చేది. అయితే సముద్రం పోటుని బట్టి ఆ చెలమ నీరూ ఒక్కోసారి మారిపోతుంది. నాలిక్కి తెలీదు, పప్పుకి తెలుస్తుంది. అందుకని వచ్చేవాళ్ళు వచ్చే ముందు రోజు ఆ పొయ్యి మీద, ఆ నీళ్ళతో, గుప్పెడు కందిపప్పు ఉడకేసి చూసేది. బద్ద తీసి రెండు వేళ్ళ మధ్య నలిపేది. మెదిగితే ఇల్లు సిద్ధం. మెదగకపోతే నీళ్ళన్నీ పారబోసి ఇంకో చోట చెలమ తవ్వేది.

మెదిగిన పప్పులో ఇంత ఉప్పు వేసుకుని, పొయ్యి పక్కనే కూర్చుని, గోడ వైపు తిరిగి నెమ్మదిగా తినేది. ఆ కాసేపూ నాతో మాట్లాడేది కాదు. పోస్టుమాస్టరుగారింట్లోంచి అన్నం తెచ్చిపెడతానన్నా వద్దనేది. అది తిన్నాక గిన్నె ఇసకతో తోమి, పొయ్యి అలికి, ముగ్గు వేసి వెళ్ళిపోయేది. ఆ గుప్పెడు పప్పంటే ఆవిడకి అంత పట్టు ఎందుకో నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. అడగాల్సినవి తప్ప అన్నీ మాట్లాడే వయసు.

రెండో ఏడు ఎండాకాలంలో విజయనగరం నుంచి ఒక వీణ మాస్టారు వచ్చారు. భార్య పెద్ద జ్వరం పడి లేచింది. గాలి మారాలి, మెత్తగా ఉడికిన పప్పూ అన్నం తప్ప ఇంకేం పెట్టొద్దు అన్నాడట డాక్టరు. వండే మనిషి మాస్టారి మేనత్త. డెబ్భై దాటిన విధవరాలు, మహా మడి. తన చేత్తో తోడిన నీళ్ళతో తాను వండిందే తింటుంది, అదీ ఒక్క పూట.

వచ్చిన రోజు ఆవిడ మడి కట్టుకుని వంటింట్లోకి వెళ్ళి కూర్చుంది. పొయ్యి ముట్టించింది. చూడకుండానే చెయ్యి చాపి ఉప్పు జాడీ అందుకుని, నవ్వింది.

"ఎవరే అమ్మాయ్ ఇది సర్దింది? నా చెయ్యి కొలిచినట్టు సర్దింది."

గడప బయట నిలబడ్డ నేను, "ఇక్కడి మనిషేనండి" అని ఊరుకుంటే సరిపోయేది. కానీ అప్ప గొప్పతనం చెప్పాలన్న ఉబలాటం కొంత, ఇంత మడి మనిషి ఒక రైతుల ఇంటి మనిషిని మెచ్చుకునేట్టు చేస్తున్నానన్న కొవ్వు కొంత.

"సర్దడమొక్కటేనా మామ్మగారూ," అన్నాను. "నిన్న ఈ పొయ్యి మీదే పప్పు వండి, తిని మరీ చూసింది."

ఆవిడ చెయ్యి జాడీ మీదే ఆగింది.

"ఇక్కడే తిన్నదా?"

"ఇక్కడే. పొయ్యి పక్కన." అప్పటికీ నేను గెలుస్తున్నాననే నా ఊహ. "తర్వాత శుభ్రంగా అలికేసింది లెండి."

"ఎవరు అలికింది?"

"ఆవిడే."

"ఇంకేం మరి," అని జాడీ వదిలేసి లేచింది. కోప్పడలేదు. అరవలేదు. వెళ్ళి వీధి అరుగు మీద కూర్చుని జపమాల తీసింది. కోప్పడితే నాకు తేలికయ్యేది, వాదించేదాన్ని. అయినా వాదించాను. మనిషి చేతికి అంటు ఏమిటన్నాను, మీ వంట చెరుకు ఎవరు కొట్టారో అడిగారా అన్నాను. ఆవిడ పూసలు తిప్పుతూనే ఉంది. మాస్టారు నా దగ్గరికొచ్చి చేతులు జోడించి, "అమ్మా, మీరన్నది నిజమే, కానీ ఆవిడ ఇంక ఈ పూట తినదు," అన్నారు. జ్వరం మనిషికి పాలూ అరటిపండుతో గడిపారు. ముసలావిడ కొబ్బరినీళ్ళు మాత్రం తాగింది.

మధ్యాహ్నం అప్ప వచ్చింది. ఇదంతా ఆవిడకి, నేనేదో యుద్ధం గెలిచి వచ్చినట్టే చెప్పాను.

"అడక్కండానే సెప్పినావా?" అంది.

"దాచడానికి నువ్వేమైనా దొంగతనం చేశావా అప్పా?"

"దొంగతనమేటి. నా పప్పు, నా నోరు. దాన్ని తీసుకెల్లి ఆవిడి కంచంలో ఎందుకెట్టినావు?"

"ఆవిడదంతా చాదస్తం."

"అవనీ. నువ్వు వాదించి గెలిసీలోగా ఆ ముసిలావిడ సొమ్మసిల్లి పడతాది. జొరం పడిన ఆ పిల్లకేటెడతావు, నీ గెలుపు వండెడతావేటి?"



అప్ప పెరటి పంచలోకి వెళ్ళి, దూరంగా నిలబడి, మూడు రాళ్ళు చూపించింది. మేనత్తగారే వాటిమీద నీళ్ళు గుమ్మరించుకుని, తానే దొర్లించుకుని పొయ్యి పెట్టుకుంది. అప్ప తెచ్చిన బిందెలు తాను ముట్టదు కాబట్టి పెరటి బావిలో తన చేత్తో నీళ్ళు తోడుకుంది. మర్నాడు పొద్దున్నే పప్పు పెట్టింది. సముద్రం ఎరగని విజయనగరం మనిషి, బావిలో తేటగా కనిపించినవి మంచినీళ్ళే అనుకుంది. ఎండ నడినెత్తికెక్కింది. పప్పు పొంగుతుంది, నురగ కక్కుతుంది, ఉడకదు. పుల్లలు రెండు మోపులయ్యాయి. లోపలి నుంచి జ్వరం మనిషి దగ్గు వినిపిస్తోంది.

"అమ్మాయ్," అని నన్ను పిలిచింది. "నీ బి.ఏ.లో ఇదేమైనా చెప్పారా, పప్పెందుకు ఉడకదో?"

నాకు తెలుసు. అయినా నేను చెబితే మళ్ళీ కయ్యమవుతుందని నోరు కట్టుకున్నాను. దడి అవతలి నుంచి అప్ప గొంతు వచ్చింది.

"అమ్మగారూ, అవి ఉప్పునీల్లు. సందేల దాకా ఊదినా బద్ద మెదగదు."

"మరి నేనెక్కడ తోడుకోవాలే?"

"నాతో రండి. నాను బిందె ముట్టను."

ఇద్దరూ బయల్దేరారు. ముందు అప్ప, పదడుగుల వెనక తడిబట్టతో, చంకన బిందెతో ఆవిడ, వాళ్ళిద్దరికీ చాలా వెనక నేను. నేనూ మైలే కదా, కాలేజీ మైల. ఇసక కాలుతోంది. ఏట్లో ఒకచోట అప్ప మోకాళ్ళ మీద కూర్చుని, చేతులతో గొయ్యి తీసి, ఊరిన నీళ్ళు చిప్పతో మూడుసార్లు తోడి పారబోసింది. అప్పుడు లేచి దూరంగా జరిగింది.

"నాను ముట్టిన నీల్లు పోయినాయి. ఇంక ఊరీవి ఎవులివీ కావు."

మేనత్తగారు ఆ గోతిలోకి చూసింది. నీళ్ళు ఊరుతున్నాయి, ఇసక కిందకి దిగుతోంది.

"భూమిలోంచి వచ్చేవాటికి అంటు ఏమిటిలే," అని వంగి ముంచుకుంది.

ఆ మధ్యాహ్నం పప్పు మెత్తగా ఉడికింది. ఆ పదిహేను రోజులూ ఇద్దరూ అలాగే వెళ్ళొచ్చేవాళ్ళు. రానురాను ఆ పదడుగుల దూరంలోనే ఒకళ్ళనొకళ్ళు సతాయించుకోవడం మొదలైంది. "నీ కాళ్ళకి చక్రాలున్నాయా, నెమ్మదిగా నడవ్వే" అని ఆవిడ. "మడి గుడ్డ తడారిపోతాదని బేగి నడుస్తన్నానమ్మా" అని ఈవిడ. జ్వరం మనిషి అరుగు మీదికొచ్చి కూర్చుని, వాళ్ళు కనిపించే దాకా చూస్తుండేది.

అంతా సర్దుకుందనుకున్నాను. వాళ్ళు వెళ్ళే రోజు పెదనాన్న వచ్చాడు. మేనత్తగారు దాచే మనిషి కాదు. అరుగు మీద కూర్చుని ఆయనతో మొహం మీదే చెప్పింది:

"మనిషి బంగారం. దాని పుణ్యమా అని మా పిల్ల తేరుకుంది. కానీ నాయనా, నాలాంటి వాళ్ళు ఇంకా వస్తారు. తెలీక తినేసి వెళ్ళిన వాళ్ళ ఉసురు నీకెందుకు? దాని చేత పొయ్యి ముట్టించకు."

పెదనాన్న తల గీరుకున్నాడు. స్తంభం పక్కన నిలబడ్డ అప్పని చూశాడు. "ఇంక నుంచి సర్దడం వరకే చూసుకో. వండి చూడ్డాలూ అవీ వద్దు."

"అలగే బాబూ," అంది అప్ప. మాటలో ఏ తేడా లేదు.

నేను మాత్రం లేచాను. అన్యాయమన్నాను, అనాగరికమన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆయన అన్నీ విని, "నువ్వు నోరు మూసుకునుంటే ఈ గొడవే లేదు కదే" అన్నాడు. అందులో అబద్ధం వెతికాను. దొరకలేదు.

అందరూ వెళ్ళాక పెరట్లో అప్ప గిన్నెలు తోముతోంది. ఏదో ఒక మాట అనాలి కదా అని, "పోనీలే అప్పా, గుప్పెడు పప్పు. మీ ఇంట్లోనే వండుకో" అన్నాను.

"ఏ ఇంట్లో?" అంది.

ఇంకో గిన్నె ముందుకి లాక్కుంది.

"మా ఇంటి పొయ్యి నా కోడలుది. పదేల్లయింది నాను దాని మీద గిన్నె ఎట్టి. రానీదు. దాని తప్పు నేదు, దాని పొయ్యి అది. నా అత్త బతికున్నప్పుడు నానూ రానివ్వనేదు." చెయ్యి ఆపకుండానే చెప్తోంది. "ఇక్కడే, ఎవులో రాబోతన్నారంటే, ఒక్క పూట."

గిన్నె కడిగి బోర్లించింది. నా వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది.

వారం తిరక్కుండా మరో కుటుంబం కార్డు రాసింది. ముందు రోజు అప్ప రాలేదు. వాళ్ళొచ్చే రోజు పొద్దున్నే నీళ్ళు తెచ్చి, ఎప్పట్లాగే నడుమ కూర్చుని, చెయ్యి చాపి చూసి, అన్నీ సర్దింది. లేచి వెళ్ళి గడప బయట కూర్చుంది.

"అప్పా, పప్పు పెట్టు. నేను ఎవరికీ చెప్పను."

"నువ్వా," అంది, నన్ను పైనుంచి కిందికి చూసి. "సెప్పకండా ఉండడం నీ వల్లవుతాదేటి?"

అది నాకు తగలాల్సిన చోటే తగిలింది.

"బాబుకి మాటిచ్చీసినాను. నాను ముట్టను. ఉడుకుతాదో నేదో సూడకండా వంటిల్లు అప్పసెప్పీదీ నేదు." చీరకొంగు ముడి విప్పి గుప్పెడు కందిపప్పు గడప మీద పోసింది. "నీ సేతికి మైల నేదు కదా. రా, ఎట్టు."

వంట అనేది ఆడదాని మెడకి గుదిబండ అని, నేర్చుకోనని ఇంట్లో శపథం చేసినదాన్ని. ఆ పప్పు ఏరుకుని వెళ్ళి కూర్చున్నాను. పుల్లలు ఎలా పేర్చాలో తెలీదు. "అడ్డంగా కాదు." "గాలాడాల." "నీల్లెక్కువైపోనాయి, ఇదేటి చెరువా?" గడప అవతలి నుంచి ఒక్కో మాట వచ్చి పడుతోంది. పొగకి కళ్ళు మండి కారుతున్నాయి. పొగకే అని చెప్పాను, ఆవిడ అడక్కుండానే.

ఒక బద్ద గరిటె మీద పెట్టి ఇచ్చాను. రెండు వేళ్ళతో నలిపింది.

"లోన పలుకున్నాది."

ఇంకో గడియ తర్వాత ఇంకోటి.

"పలుకే."

వీధిలో ఎద్దు గంటలు వినిపించాయి. పెట్టెలు దించుతున్నారు. ఎవరో పెద్దాయన, ఇంట్లో ఎవరండీ, తలుపు తియ్యండి అని పిలుస్తున్నాడు. నేను లేవబోయాను.

"కూకో," అంది అప్ప. "అరుగు మీద నీడుంది, ఆల్లు కూకుంటారు. ఇంకా ఉడకనేదు. ఊదు."

నేను ఊదాను.